లోరా కీలు రెండు వైపులా ఎందుకు కలవడం లేదు?

కళ్యాణదుర్గం దగ్గర వేరుశెనగ పొలంలోని తేమ సెన్సరుకూ ఇంటి మీది రేడియోకూ మధ్య లోరా (తక్కువ శక్తితో ఎక్కువ దూరం పంపే రేడియో పద్ధతి) సిగ్నల్ బలాన్ని ఇరువైపులా కొలిచి, ఆ కొలతల నుంచే రెండింటికీ ఒకే రహస్య కీ తయారుచేస్తుంటే, బిట్లలో మూడో వంతు కలవడం లేదని రాశారు. లోపం మీ కోడ్‌లో కాదు, మీరు ఎంచుకున్న ఎస్‌ఎఫ్ 12లో (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్: ఇది పెరిగేకొద్దీ దూరం పెరిగి, వేగం తగ్గుతుంది) ఉందని నా అభిప్రాయం. 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ వద్ద అందులో ఒక్క సింబల్‌కే, అంటే సిగ్నల్‌లోని ఒక చిన్న ముక్కకే, సుమారు 33 మిల్లీసెకన్లు పడుతుంది. ప్యాకెట్ వెళ్లి జవాబు వచ్చేలోపు ఊగే కొమ్మలూ, కదిలే ట్రాక్టరూ ఛానెల్‌ను, అంటే సిగ్నల్ ప్రయాణించే దారిని, మార్చేస్తాయి కనుక, ఇరువైపులా కొలిచేది ఒకే ఛానెల్ కాదు. దూరం సరిపోతే ఎస్‌ఎఫ్ 7 వాడండి, సింబల్ సుమారు 1 మిల్లీసెకనుకు తగ్గుతుంది. ప్యాకెట్ మొత్తానికి ఒకే సగటు తీసుకోకుండా, స్వీకరణ జరుగుతుండగానే రేడియో చిప్ రిజిస్టర్ నుంచి సిగ్నల్ బలం తక్షణ విలువలను చదివి, మొదటి ప్యాకెట్ చివరి భాగాన్నీ జవాబు ప్యాకెట్ తొలి భాగాన్నీ జతచేయండి. 0 బిట్టో 1 బిట్టో తేల్చలేనంతగా సగటుకు మరీ దగ్గరగా ఉన్న విలువలను ఇద్దరూ వదిలేయాలి. మిగిలిన తేడాలను బీసీహెచ్ అనే తప్పులు సవరించే కోడ్‌తో సరిదిద్ది, ఆ సవరణలో బయటపడే సమాచారానికి సరిపడా అదనపు బిట్లు సేకరించి, ఎస్‌హెచ్‌ఏ-256 అనే హ్యాష్ పద్ధతితో కుదించి 128 బిట్ల కీ తీసుకోండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. కదలని సెన్సరు, చెట్లు పలచగా ఉన్న బయలు నేల: ఇక్కడ బిట్లు కలిసినా, వాటిలో యాదృచ్ఛికత చాలా తక్కువ, అంటే ఇతరులు ఊహించడం తేలిక. 866 మెగాహెర్ట్జ్ వద్ద అర తరంగదైర్ఘ్యం, అంటే సుమారు 17 సెంటీమీటర్లు, దాటితే దొంగచాటుగా వినేవారికి వేరే ఛానెల్ కనిపిస్తుందన్న సూత్రం, సిగ్నల్ అన్ని దిక్కుల నుంచీ ప్రతిఫలించే చోటే నిలుస్తుంది. అందుచేత కీ తయారుచేసేటప్పుడు సెన్సరును చేతపట్టుకుని ఇళ్ల మధ్య కొన్ని నిమిషాలు నడవండి, ఆ తరువాతే పొలంలో పాతండి. అంతవరకు సెన్సరులో ముందుగా ఎక్కించిన ఏఈఎస్ (సందేశాలను గుప్తీకరించే ప్రామాణిక పద్ధతి) కీని దయచేసి తొలగించవద్దు.