హార్డ్‌కి ‘లీ’ తగిలిస్తే కష్టం ఎటు పోయింది?

ప్రశ్న: మేడమ్ గారూ, ఈమధ్య ఒక ఉద్యోగానికి అప్లై చేస్తూ లెటర్‌లో ‘ఐ హావ్ వర్క్‌డ్ హార్డ్లీ ఫర్ త్రీ ఇయర్స్’ అని రాశాను. మా అక్క చూసి, ఇలా పంపితే మూడేళ్లూ పనేం చెయ్యలేదని నువ్వే ఒప్పుకున్నట్టు అంది. స్లో నుంచి స్లోలీ, క్విక్ నుంచి క్విక్లీ వచ్చినప్పుడు హార్డ్ నుంచి హార్డ్లీ ఎందుకు రాకూడదు? అసలీ మాట ఎక్కడ వాడాలి?

జవాబు: మీ అక్క చెప్పింది నిజమే, పంపకముందే చూసింది, మంచిదైంది. ‘వర్క్‌డ్ హార్డ్’ అని దిద్దేసి పంపండి. హార్డ్‌కి క్రియా విశేషణం కూడా హార్డే, రూపం ఏం మారదు, ‘షి వర్క్స్ హార్డ్’, ‘ఇట్ రెయిన్డ్ హార్డ్’ అంటాం అంతే, ఫాస్ట్ కూడా ఇలాంటిదే, ఫాస్ట్లీ అని ఎవరూ అనరు కదా. హార్డ్లీ అనే మాట మాత్రం ఉంది, కాకపోతే దాని దారి వేరు, ‘దాదాపు లేదు’ అని దానర్థం. లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈమధ్య, ఇదీ అలాంటి జతే. పైగా హార్డ్లీ అసలు క్రియకి ముందు రావాలి, ‘హావ్ హార్డ్లీ వర్క్‌డ్’ అని, మీరు క్రియ తర్వాత పెట్టారు, అయినా చదివేవాళ్లకి పనిచెయ్యలేదనే తడుతుంది.

మరి కష్టం కాస్తా ‘లేదు’ ఎలా అయిందంటే, పాత రోజుల్లో హార్డ్లీకి మీరనుకున్న అర్థమే ఉండేది, గట్టిగా, కఠినంగా అని. తర్వాత ‘కష్టమ్మీద’ అనే అర్థం వచ్చింది, అదీ జారి జారి 16వ శతాబ్దానికి ‘దాదాపు లేదు’ దాకా వచ్చింది. ఇందులో వింతేం లేదండీ, మనమూ అదే చేస్తాం. ‘వాడు ఇవాళ రావడం కష్టమే’ అన్నామంటే కష్టపడి వస్తాడని కాదుగా, రాడనే! ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకుంటే హార్డ్లీ మిమ్మల్ని మళ్లీ తికమక పెట్టదు.

ఇక వాడకంలో అందరూ పొరపడేది ఎక్కడంటే, దానికి నాట్ కూడా కలిపేస్తారు, ‘ఐ కాంట్ హార్డ్లీ హియర్ యూ’ అని. మనం మనసులో ‘సరిగ్గా వినపడట్లేదు’ అనుకుంటాం, తెలుగులో ఆ ‘లేదు’ క్రియకే అంటుకుని ఉంటుంది కాబట్టి ఇంగ్లీషులోనూ క్రియ పక్కన నాట్ పెడితే గానీ తృప్తి ఉండదు. కానీ ఆ ‘లేదు’ని హార్డ్లీయే మోస్తోంది, ‘ఐ కెన్ హార్డ్లీ హియర్ యూ’ చాలు. అనుమానంగా ఉంటే చివర చిన్న ప్రశ్న తగిలించి చూడండి, ‘హి హార్డ్లీ టాక్స్, డజ్ హి?’ అంటారు గానీ ‘డజంట్ హి?’ అనరు, అంటే ఆ వాక్యం అప్పటికే నెగెటివ్ అన్నమాట. అలాగే ‘హార్డ్లీ ఎనీ టైమ్’ అనాలి, ‘హార్డ్లీ నో టైమ్’ కాదు.

అర్థానికొస్తే, తెలుగులో ఒకే మాట పట్టుకుని అన్నిచోట్లా అంటించకండి, నేనైతే సందర్భాన్ని బట్టి మనకి సహజంగా నోట్లోంచి వచ్చే మాటే వెతుకుతాను. ‘దేర్ వర్ హార్డ్లీ టెన్ పీపుల్’ అంటే పట్టుమని పదిమంది లేరు. ‘ఐ హార్డ్లీ నో హిమ్’ అంటే ఆయనతో నాకు పెద్దగా పరిచయం లేదు. ‘వి హార్డ్లీ ఎవర్ మీట్’ అంటే ఎప్పుడో గానీ కలవం. ‘ఇట్స్ హార్డ్లీ సర్‌ప్రైజింగ్’ మాత్రం వేరే రకం, అక్కడ దాదాపు అనేదేం ఉండదు, ‘ఇందులో ఆశ్చర్యపోవడానికేముంది’ అని పూర్తిగా కొట్టిపారెయ్యడమే.

బేర్లీ కూడా దీనికి దగ్గరిదే గానీ మొగ్గు వేరు. ‘హి బేర్లీ పాస్డ్’ అంటే అత్తెసరు మార్కులతోనైనా పాసయ్యాడు. ‘హి హార్డ్లీ స్టడీడ్’ అంటే చదివినా చదవనట్టే.

ప్రశ్న: ‘హార్డ్లీ హాడ్ ఐ సాట్ డౌన్’ అని ఒక గ్రామర్ పుస్తకంలో చూశాను. హాడ్ ముందుకెందుకొచ్చింది? తర్వాత వెన్ రావాలా, దాన్ రావాలా?

జవాబు: నెగెటివ్ అర్థమున్న మాట వాక్యం మొదట్లోకొస్తే ఇంగ్లీషులో హాడ్ లాంటి సహాయక క్రియ కర్తకి ముందుకొస్తుంది, ‘నెవర్ హావ్ ఐ సీన్’ అన్నట్టు. హార్డ్లీకి జత వెన్, దాన్ అనేది ‘నో సూనర్’కి జత, పరీక్షల్లో ఈ రెండూ కలిపేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. మాట్లాడేటప్పుడు ఇంత అవసరం లేదు, ‘ఐ హాడ్ హార్డ్లీ సాట్ డౌన్ వెన్ ద ఫోన్ రాంగ్’ అనండి, హాయిగా ఉంటుంది. తెలుగులో అయితే ‘ఇలా కూర్చున్నానో లేదో అలా ఫోన్ మోగింది’. చూశారా, కూర్చున్న మాట నిజమే అయినా మనమూ అక్కడ ‘లేదో’ అనే అంటాం.