యాక్సిడెంట్ తర్వాత ఏసీ పోతే ఇన్సూరెన్స్ ఇస్తుందా?

ముందు బంపర్ దెబ్బతిని రిపేర్ అయ్యాక ఏసీ చల్లగా రావట్లేదు, క్లెయిమ్‌లో అడగొచ్చా అన్నారు కదండీ. అడగొచ్చు, అడిగి తీరాలి. ఏసీ గ్యాస్‌ని చల్లార్చే కండెన్సర్ ఉండేదే గ్రిల్ వెనకాల, రేడియేటర్ కంటే ముందు, అంటే బంపర్ తర్వాత దెబ్బ తగిలేది దానికే.

నాకు ఇలాగే అయింది. మే నెల, రాత్రి ఎనిమిదిన్నరకి సూర్యాపేట నుంచి కోదాడ వస్తున్నా, ముందు వరిగడ్డి ట్రాక్టర్, వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు, గడ్డి రెండు పక్కలా రోడ్డు మీదకి వేలాడుతోంది, కనపడి బ్రేకు తొక్కేసరికే తగిలేసింది. సీటు బెల్టుకి చలానా రాసేవాళ్ళు ఈ ట్రాలీల వెనక ఎర్ర స్టిక్కర్ ఉందో లేదో కూడా చూడాలండీ, హైవే మీద రాత్రిపూట ప్రాణాలు పోతున్నాయి వీటివల్ల.

సరే, షోరూం వాళ్ళు పదకొండు రోజులకి బండి ఇచ్చారు. నాలుగో రోజు అమ్మని ఖమ్మం కంటి డాక్టర్ దగ్గరకి తీసుకెళ్తుంటే దారిలో వేడిగాలి మొదలైంది. అద్దాలు దించితే వడగాలి, ఆవిడ కొంగు తలమీద కప్పుకుని ఒక్క మాట అనకుండా కూర్చుంది, నాకు ఇప్పటికీ బాధే. షోరూం‌కి వెళ్తే "పాత బండి కదా సార్, గ్యాస్ తగ్గింది" అని డబ్బులు తీసుకుని గ్యాస్ కొట్టారు, వారంలో మళ్ళీ పోయింది. అప్పుడు ఖమ్మంలో ఒక పాత ఏసీ మెకానిక్ గ్రిల్‌లోంచి టార్చ్ వేసి కండెన్సర్ కింది మూల చూపించాడు, అక్కడ రెక్కలు వంగి నల్లగా నూనె జిడ్డు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి జిడ్డు ఎక్కడుంటే లీకు అక్కడే అన్నాడు. పదకొండు రోజులు విప్పి పెట్టుకున్న వాళ్ళకి కనపడనిది ఆయనకి రెండు నిమిషాల్లో కనపడింది.

ఫోటోలు తీసి పాత క్లెయిమ్ నంబర్ వేసి కంపెనీకి మెయిల్ పెట్టా, సప్లిమెంటరీ ఎస్టిమేట్ (ముందు లెక్కలో రాని రిపేరుకి అదనపు అంచనా) ఇప్పించా, కంపెనీ తరఫున నష్టం లెక్కకట్టే సర్వేయర్ మళ్ళీ వచ్చి చూసి అదే క్లెయిమ్‌లో కండెన్సర్ ఒప్పుకున్నాడు. కొత్త క్లెయిమ్ వేయమంటే ఒప్పుకోకండి, కంపల్సరీ డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మన జేబులోంచి పెట్టుకోవాల్సింది (1500 సీసీ లోపు బండికి 1000 రూపాయలు) మళ్ళీ కట్టాలి. నాకు జీరో డెప్ (పార్టుల పాతదనానికి డబ్బు కొయ్యని అదనపు కవర్) ఉంది కాబట్టి తరుగు కొయ్యలేదు, లేకపోతే మూడు నాలుగేళ్ళ మధ్య బండికి మెటల్ పార్టుల మీద 25 శాతం, ప్లాస్టిక్ బంపర్ మీద 50 శాతం పోతుంది. గ్యాస్, ఆయిల్ ఖర్చు మాత్రం నాదే అయింది, కన్జ్యూమబుల్స్ కవర్ (ఇలా వాడితే అయిపోయే వాటి ఖర్చు ఇచ్చేది) తీసుకోలేదు మరి. ఏజెంట్లు పాలసీ అమ్మేటప్పుడు ఈ మాట చెప్పరు, నాకైతే ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి, గ్యాస్ లేకుండా ఏసీ ఆన్ చేసి తిరగొద్దు. ఆయిల్ అందక కంప్రెసర్ పట్టేస్తే అది యాక్సిడెంట్‌లో పోయింది కాదు, తర్వాత మీరు వాడటం వల్ల పోయింది అని కొట్టేస్తారు. కంపెనీ కాదంటే రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి, నెలలో తేలకపోతే హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాయండి, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఆంధ్రా వాళ్ళకీ అదే ఆఫీసు.

ముందు ఈ రోజే గ్రిల్‌లోంచి టార్చ్ వేసి చూడండి. జిడ్డు ఉంటే తుడవకుండా ఫోటో తీయండి, సర్వేయర్ చూసేదాకా బయట ఎక్కడా ఆ పార్టు విప్పించకండి.