కీళ్లవాతం ఉన్న గర్భిణి వ్యాయామం చేయొచ్చా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. ఇప్పుడు ఆరో నెల. అత్తయ్య కదలొద్దంటున్నారు. వ్యాయామం చేయొచ్చా?
- ఒక సోదరి, బొబ్బిలి

జవాబు: మీ ప్రసూతి డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప, చేయాలి. పడుకునే ఉంటే కీళ్లు ఇంకా బిగుసుకుంటాయి. అత్తయ్యగారి భయం అర్థమయ్యేదే, కానీ పొరపాటు.

వారానికి 150 నిమిషాలు లక్ష్యం. మొదట పది నిమిషాల నడక చాలు, అదీ పొద్దుటి బిగుతు సడలాక. నడుస్తూ మాట్లాడగలగాలి; పాట పాడలేకపోతే వేగం సరిపోయినట్టే. చేతులకు: బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, పిడికిలి మెల్లగా ముడిచి తెరవండి, పదిసార్లు. తొడలకు: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఎనిమిదిసార్లు. కుర్చీ చేతులపై అరచేతులు ఒత్తి లేవకండి, భారమంతా మణికట్టు మీద పడుతుంది. లేవడం కష్టమైతే కింద గట్టి దిండు వేసుకోండి.

గర్భంలో కీళ్లను పట్టి ఉంచే స్నాయువులు వదులవుతాయి కాబట్టి గెంతులు, బాగా సాగదీసే ఆసనాలు వద్దు. వెల్లకిలా పడుకుని చేసేవీ ఇక మానండి. వాచి వేడిగా ఉన్న కీలుపై బరువు పెట్టకుండా మెల్లగా కదిలించండి, అంతే. వ్యాయామం తర్వాత నొప్పి రెండు గంటలు దాటితే మర్నాడు సగమే చేయండి.

రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, ఛాతీనొప్పి, ఒక పిక్క వాపు, బిడ్డ కదలిక తగ్గడం: ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి. మందులు మాత్రం సొంతంగా ఆపకండి. కాన్పయ్యాక కీళ్ల వాపులు తిరగబెట్టడం మామూలే. బిడ్డను బొటనవేళ్లతో కాక ముంజేతులపై ఎత్తుకోవడం ఇప్పుడే దిండుతో అలవాటు చేసుకోండి.