బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేసింది

మేడమ్‌కు నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. తిరుమలకు ట్యాక్సీ తోలుతాను. మాకు ఒక్కతే పాప. 16 ఏళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఏడో ఏట నుంచి చక్రాల స్కేటింగ్ చేస్తాంది. 11 ఏళ్ళప్పటి నుంచి పెయిర్ చేస్తాంది. జంటగా చేసే అబ్బాయి ఆమెకన్నా రెండేళ్ళు పెద్ద. ఐదేళ్ళు కలిసి చేసినారు. రాష్ట్రంలో పతకాలొచ్చినాయి, జాతీయ పోటీలకూ పోయినారు. ఈ జూన్‌లో ఆ అబ్బాయికి చెన్నైలో ఇంజనీరింగ్ సీటొచ్చింది. ఇంక స్కేటింగ్ చెయ్యనని చెప్పేసినాడు. ఇప్పుడు విశాఖ నుంచి ఇంకో అబ్బాయి వాళ్ళు ఫోన్ చేసి, పాపను పంపండి, మా ఇంట్లోనే ఉంటుంది, అక్కడే కాలేజీలో చేర్పిస్తాం అంటున్నారు. పాప పోతానంటుంది. నా భార్య వద్దంటే వద్దంటుంది. నా బావమరిది వచ్చి, 'పరాయి మగపిల్లోడు నడుం పట్టుకుని ఎత్తతా ఉంటే ఊరంతా చూస్తాంది, రేపు సంబంధాలొచ్చినప్పుడు ఆ వీడియోలు అడ్డం రావా' అని గొడవ పెట్టుకుని పోయినాడు. షూస్‌కు, డ్రెస్సులకు, కోచ్ ఫీజుకు, రైలు టికెట్లకు ఇన్నాళ్ళూ లెక్క చూడలే. ఇప్పుడు చూస్తే భయమేస్తాంది. ఆపెయ్యాలా, పంపాలా? ఇంకోటి, బరువు తగ్గాలని రెండు నెలల నుంచి రాత్రి అన్నం మానేసింది. అడిగితే ఆకలి కాలే నాయనా అంటుంది.

అన్నా, మీ ఉత్తరం ఆఖర్లో 'ఇంకోటి' అని రాసిన మాట దగ్గర ఆగిపోయాను. మీరు అడిగింది విశాఖ గురించి. నేను ముందు రాత్రి అన్నం గురించి మాట్లాడతాను, ఎందుకంటే విశాఖ సంగతి ఆర్నెల్లు ఆగగలదు, ఇది ఆగదు.

రోజుకు రెండు మూడు గంటలు స్కేట్స్ మీద ఉండే పదహారేళ్ళ పిల్ల ఒక పూట పూర్తిగా మానేస్తే, ఆ లోటును ఒళ్ళు ఎక్కడో ఒకచోట కోత పెట్టి పూడ్చుకుంటుంది. ఆడపిల్లల్లో మొదట కోత పడేది చాలాసార్లు నెలసరి మీదే. ముందు ఆలస్యమవుతుంది, తర్వాత ఆగిపోతుంది. అదే సమయంలో ఎముకలు పలచబడడం మొదలవుతుంది. జీవితాంతం మోసే ఎముక బలం ఎక్కువగా కూడేది ఈ వయసులోనే. ఇప్పుడు కూడకపోతే తర్వాత పూర్తిగా తెచ్చుకోవడం కష్టం. పెద్దగా దెబ్బ తగలకుండానే పాదంలో, కాలి ఎముకలో సన్నని పగుళ్ళు వస్తాయి. ఆటగాళ్ళలో తిండి చాలక వచ్చే ఈ స్థితి గురించి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి మరీ హెచ్చరించారు. మగపిల్లలకూ ఇది వస్తుందని చెప్పారు.

కాబట్టి ఈ వారంలోనే పాపను పక్కన కూర్చోబెట్టుకుని నెలసరి సంగతి అడగమని మీ ఇంటావిడకు చెప్పండి. మూడు నెలలుగా రాకపోయినా, మధ్య మధ్యలో తప్పుతున్నా, ఆడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. సక్రమంగానే వస్తోందన్నా సరే ఒకసారి చూపించండి. మీ ఊళ్ళోనే రుయా ఆస్పత్రి ఉంది, స్విమ్స్ ఆస్పత్రి ఉంది. పిల్ల ఆట ఆడుతుందనీ, రాత్రి తినడం మానేసిందనీ డాక్టరుకు విడమర్చి చెప్పండి. రక్తం, విటమిన్ డి లాంటి పరీక్షలు ఏవి అవసరమో వాళ్ళు రాస్తారు. కాళ్ళలో ఎప్పుడూ ఒకే చోట నొప్పి ఉంటే అది కూడా దాచకుండా చెప్పించండి.

ఇంట్లో మాత్రం 'ఎట్లా బక్కచిక్కిపోయినావో చూడు' అనకండి. బరువు తగ్గాలనుకుంటున్న పిల్ల చెవికి అది మెచ్చుకోలులా వినబడుతుంది. అట్లాగని పళ్ళెం ముందు కూర్చోబెట్టి తినేదాకా కాపలా కాసినా పనిచెయ్యదు. మీరు డ్యూటీ దిగి ఎన్ని గంటలకొస్తే అన్ని గంటలకు, మీరూ పాపా కలిసి తినండి. రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి, పక్కన ఓ గుడ్డు. ఆట ఆడే పిల్లకు ఇది తక్కువ తిండేం కాదు.

ఇంకో విషయం. బరువు తగ్గాలన్న మాట ఆమెకు ఎక్కడి నుంచి వచ్చింది? ఉత్తరంలో రాయలేదు, బహుశా మీకూ తెలియదు. ఎవరో అని ఉంటారు. కోచ్ కావచ్చు, జంట అబ్బాయి కావచ్చు, కొత్త అబ్బాయి వాళ్ళు 'ఎత్తు ఎంత, బరువు ఎంత' అని అడిగి ఉండొచ్చు. ఆ అబ్బాయి చెన్నైకి పోయింది సీటు కోసం కాదు, నేను బరువెక్కినందుకే అని ఆమె మనసులో పడిందేమో కూడా కనుక్కోవాలి. జూన్‌లో అతను మానేశాడు. తిండి మానింది రెండు నెలల నుంచి. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి అన్నా.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పకపోవచ్చు. మీ చేతిలో బండి ఉంది కదా. ఒక సాయంత్రం అలిపిరి దాకా ఊరికే తీసుకెళ్ళండి. మొహం మొహం చూసుకోనక్కర లేనప్పుడు ఈ వయసు పిల్లలు మాట్లాడతారు. 'నీ బరువు గురించి ఎవరన్నా ఏమన్నా అన్నారా పాపా?' అని ఒక్కసారి అడిగి, ఊరుకోండి. దారి పొడుగునా ఏమీ చెప్పకపోయినా పర్వాలేదు. మళ్ళీ ఇంకోరోజు తీసుకెళ్ళండి.

ఆమె ఆటలోనే ఆమెకు చెప్పదగ్గ మాట ఒకటుంది. లిఫ్ట్, అంటే జంటలో అమ్మాయిని పైకెత్తడం, అబ్బాయి భుజబలంతోనే అయ్యేది కాదు. ఇద్దరూ ఒకే వేగంతో వస్తూ, అమ్మాయి మోకాళ్ళు వంచి సరైన క్షణంలో తన్నుకుని పైకి లేవాలి. లేచాక పొట్ట, నడుము, భుజాలు బిగబట్టాలి. ఒళ్ళు బిగించలేని మనిషి ఎంత సన్నగా ఉన్నా కిందివాడి చేతులకు బరువే. తిండిలేక నీరసపడ్డ పిల్లను తలపైకి ఎత్తడం ప్రమాదం కూడా. నిండుగా తిని, ఏళ్ళ తరబడి సాధన చేసిన వాళ్ళు కూడా ఒక్కోసారి పడతారు. 2004లో అమెరికాలో జరిగిన మంచు మీది స్కేటింగ్ పోటీలో, అప్పటికే ప్రపంచ విజేతలైన రష్యా జంట తోత్మియానినా, మారినిన్ లిఫ్ట్ మధ్యలో పట్టు తప్పారు. ఆమె తల మంచుకు కొట్టుకుని ఆస్పత్రి పాలైంది. కోలుకుని, 2006లో ఆ ఇద్దరే ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. ఈ సంగతి కోచ్‌తో కూడా మాట్లాడండి. బరువు గురించి ఇకమీదట పాపతో ఎవరూ మాట్లాడకూడదని, ఏమన్నా ఉంటే డాక్టరే చెప్తారని తేల్చి చెప్పండి. నలుగురి ముందు పిల్లల్ని బరువు తూచే అలవాటుంటే అది ఆపించండి.

ఆ చెన్నై అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళమ్మానాన్నలతో సహా మీ ఇంటికి పిలవండి. ఐదేళ్ళు రోజూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పడి లేచిన పిల్లలు వాళ్ళు. దాన్ని ప్రేమ అని చుట్టాలు అనుమానిస్తారు, అన్నాచెల్లెళ్ళు అని మనం సర్ది చెప్తాం. అది ఈ రెండూ కాదు, దానికి మన ఇళ్ళల్లో పేరు లేదు. పేరు లేనంత మాత్రాన అది పోయినప్పుడు దుఃఖం ఉండకుండా పోదు. ఎందుకు మానేస్తున్నాడో అతని నోటితోనే ఆమెకు చెప్పనివ్వండి.

జంట మారడం ఈ ఆటలో కొత్త కాదు. సోవియట్ స్కేటర్ ఇరీనా రోద్నినా 1972లో ఉలనోవ్‌తో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. వెంటనే అతను వేరే అమ్మాయితో జట్టు కట్టి వెళ్ళిపోయాడు. ఆమె జైట్సెవ్ అనే కొత్త కుర్రాడితో మొదలుపెట్టింది. 1973 ప్రపంచ పోటీల్లో వాళ్ళు చేస్తుండగా పాట ఆగిపోతే, ఆ నిశ్శబ్దంలోనే చివరిదాకా చేసి గెలిచారు. తర్వాత 1976లో, 1980లో అతనితోనే ఇంకో రెండు ఒలింపిక్ స్వర్ణాలు. ఇది పాపకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే మీరు చెప్పండి, మీ నోట వింటే సంతోషిస్తుంది.

ఇక మీ బావమరిది మాట. నేను చిత్తూరులో చదువుకునేటప్పుడు ఖోఖో ఆడేదాన్ని. పదో తరగతికొచ్చేసరికి 'నిక్కరేసుకుని ఉరకడమేంది' అని మా ఇంట్లో మాన్పించారు. ఇన్నేళ్ళయినా ఆ కోపం పోలేదు. ఆటలో పట్టుకునే చెయ్యి, ఆట కోసం పట్టుకుంటుంది. దాన్ని చూసి సంబంధం వద్దనుకునే ఇంటికి మీ పాపను ఇవ్వకపోవడమే మంచిది. ఆయనతో వాదన పెట్టుకోకండి. 'పాప సంగతి మేం చూసుకుంటాం బావా' అంటే చాలు.

కానీ మీ ఇంటావిడ భయం వేరు, దాన్ని తీసిపారెయ్యకండి. ఆమె అడగాల్సిన ప్రశ్నలు ఇవే అని నేను అనుకుంటున్నాను: సాధన నలుగురికీ కనబడే చోట జరుగుతుందా? ఎప్పుడు పోయినా చూడనిస్తారా? కోచ్ రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెడతాడా? నాకిది ఇష్టం లేదు, దింపెయ్ అని చెప్పే చనువు పిల్లకు ఉందా? ఎవరైనా హద్దు దాటితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యొచ్చనీ, 18 ఏళ్ళ లోపు పిల్లలకు లైంగిక వేధింపుల నుంచి పోక్సో చట్టం కాపలా ఉందనీ పాపకు తెలియాలి. ఆ అబ్బాయి తల్లిదండ్రులు ఎంత మంచివాళ్ళైనా వాళ్ళ ఇంట్లో ఉంచడానికి మాత్రం ఒప్పుకోకండి. సాధనలో మాట తేడా వచ్చిన రోజు ఆమెకు తలుపేసుకుని ఏడవడానికి కూడా తనదంటూ ఒక గది ఉండదు. వాళ్ళన్నం తింటూ, వాళ్ళబ్బాయితో 'నువ్వు సరిగ్గా పట్టుకోలేదు' అని చెప్పలేదు.

డబ్బు సంగతి దాపరికం లేకుండా చెప్తాను. చక్రాల మీద చేసే ఈ ఆర్టిస్టిక్ స్కేటింగ్ ఒలింపిక్స్‌లో లేదు. ఆసియా క్రీడల్లో 2010లో గ్వాంగ్‌జౌలో ఉంది, ఆ తర్వాత లేదు. అందుకని ఇది రేపు కూడు పెడుతుందని లెక్కేసి పంపకండి. ఆ 2010లోనే మన హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా రెండు కాంస్యాలు తెచ్చాడు, ఒకటి ఒంటరిగా, ఇంకొకటి అవనీ పాంచాల్‌తో జంటగా. 2015లో అర్జున అవార్డు కూడా వచ్చింది. నేను ఆయన్ను తలచుకున్నది పతకాల కోసం కాదు. ఒకే మనిషి సింగిల్స్, పెయిర్ రెండూ చేశాడు. మీ పాప కూడా ఇంటర్ పరీక్షలయ్యేదాకా తిరుపతిలోనే, ఈ కోచ్ దగ్గరే, డాక్టరు సరేనంటే ఒంటరిగా సాధన చెయ్యొచ్చు. స్పిన్నులు, జంపులు చేతిలో ఉంటాయి. ఎవరూ ఎత్తనక్కర లేదు కనుక బరువు బెంగా తగ్గుతుంది. రెండో సంవత్సరం మధ్యలో కాలేజీ మార్చి, ఊరు మార్చి, జంట మార్చడం ఏ పిల్లకైనా ఎక్కువే.

ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడూ కుదరదని ఆమె ఏడిస్తే ఇది చెప్పండి. మంచు మీది ఫిగర్ స్కేటింగ్‌లో పెద్దల పోటీలకు కనీస వయసును 15 నుంచి దశలవారీగా 17కు పెంచాలని అంతర్జాతీయ సమాఖ్య 2022లో నిర్ణయించింది. పసిపిల్లల్ని తొందరపెట్టడం మంచిది కాదని వాళ్ళకూ అర్థమైంది. డియానా స్టెల్లాటో డ్యూడెక్ అనే ఆమె గాయాలతో 17 ఏళ్ళకే ఆట మానేసి, 2016లో మళ్ళీ స్కేట్స్ కట్టి, 2024లో కెనడా తరఫున పెయిర్‌లో ప్రపంచ విజేత అయింది. అప్పటికి ఆమెకు 40 ఏళ్ళు.

విశాఖ వాళ్ళకు ఈ వారమే ఫోన్ చేసి, పరీక్షలయ్యాక వేసవిలో పది రోజులు తల్లీ కూతురూ వచ్చి చూస్తారని, అప్పుడే చెప్తామని చెప్పండి. ఆ మాట పాప ఎదురుగానే అనండి. చాటుగా వద్దన్నారని తర్వాత తెలిస్తే మిమ్మల్ని నమ్మదు. ఈలోపు వాళ్ళు వేరే అమ్మాయిని చూసుకుంటే చూసుకోనివ్వండి. ఆ రోజు ఆమె బాధపడుతుంది, మీరు పక్కనుండండి. తిండి విషయంలో పదిహేను రోజుల్లో మార్పు కనబడకపోయినా, తిన్నది కక్కుతున్నట్టు అనుమానమొచ్చినా, ఉన్నట్టుండి కళ్ళు తిరిగినా డాక్టరు దగ్గరికి ఆలస్యం చెయ్యకండి. మనసు బాగాలేనప్పుడు మాట్లాడ్డానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర లేదు.

డాక్టరు ఏం చెప్పారో నాకు మళ్ళీ రాయండి. ఈసారి ఉత్తరంలో నాలుగు లైన్లు పాపనే రాయమనండి. మీ ఉత్తరంలో అందరి మాటలూ ఉన్నాయి. ఆమెవి మాత్రం రెండే ఉన్నాయి: పోతాను, ఆకలి కాలేదు.