మోటర్‌హోమ్ కొంటున్న తమ్ముడికి

తమ్ముడికి, అక్క దీవెనలు.

నువ్వు పంపిన ఫోటోలు, మా మరదలు పంపిన ఫోటోలు, పిల్లలు పంపినవి, అన్నీ ఒకే మోటర్‌హోమ్‌వి, లోపలే ఇల్లున్న బండివి. అంటే ఇంట్లో ఓట్లు పడిపోయాయన్నమాట. సంతోషం. ఇన్నేళ్లు లండన్‌లోని హారో నుంచి కార్న్‌వాల్ దాకా కారు వెనక కారవాన్, అదే ఇంజిన్ లేని చక్రాల ఇల్లు, లాక్కుంటూ తిరిగినవాడివి, ఆ మాత్రం సంబరపడితే తప్పేం లేదు. వానలో నిలబడి కారుకి కారవాన్ తగిలించే పని ఉండదు. దారిలో పిల్లలు ఆకలంటే రోడ్డు పక్కన లే-బైలో ఆపి, కిందికి దిగకుండానే వెనక్కి వెళ్లి టీ పెట్టుకోవచ్చు. కారవాన్ లాగుతున్నంత కాలం మోటర్‌వే మీద గంటకి 60 మైళ్లు దాటకూడదు, మూడు లేన్లుంటే కుడి చివరి లేన్‌లోకి పోకూడదు. ఖాళీ బరువు 3.05 టన్నులు మించని మోటర్‌హోమ్‌కి ఆ గొడవ లేదు. మోటర్‌వే మీద 70, మామూలు రెండు వరసల రోడ్డు మీద 60. మీ బావ మొదటిసారి లారీని దాటినప్పుడు ఆయన మొహం చూడాల్సింది.

అయితే ఫోటోలన్నిటిలోనూ నువ్వు చూపించింది పరుపు, సోఫా, లైట్లు. ఒక్క ఫోటోలోనైనా టైరు లేదు, ఇంజిన్ లేదు. కారవాన్ కొన్న అలవాటుతో చూస్తున్నావు. ఇది ముందు బండి, తర్వాతే ఇల్లు. అందుకే ఈ ఉత్తరం.

ముందు లైసెన్స్ సంగతి. నువ్వు ఇక్కడ కారు టెస్ట్ పాసైంది 1997 జనవరి 1 తర్వాత. కాబట్టి నీ కారు లైసెన్స్‌తో, అంటే బి కేటగిరీతో, 3,500 కిలోల దాకా ఉన్న బండే నడపాలి. మీ బావ అంతకుముందే పాసయ్యారు, ఆయనకి 7,500 కిలోల దాకా నడపనిచ్చే సీ1 కేటగిరీ దానంతటదే వచ్చింది. అది కూడా 70 ఏళ్లు నిండితే డాక్టర్ పరీక్ష చేసి ఫారం నింపితేనే ఉంటుంది. మా బండి చూసి అంతది కావాలని ఆశపడకు. ఇంకోటి, ఆ 3,500 ఖాళీ బండి బరువు కాదు. మనుషులు, నీళ్లు, సామాను, గ్యాసు అన్నీ కలిపి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కారవాన్‌తో వెళ్లినప్పుడు బరువులో సగం కారు డిక్కీలోకి పోయేది, నువ్వు గమనించి ఉండవు. ఇప్పుడా డిక్కీ లేదు. అమ్మేవాడు పేలోడ్, అంటే బండిలో ఎక్కించగల బరువు, 350 కిలోలు అన్నాడనుకో. బండి బరువులో డ్రైవర్ కింద 75 కిలోలు ముందే కలిపి ఉంటారు, మిగతావాళ్లని కలపరు. మరదలు, పిల్లలిద్దరూ కలిసి ఒక 155 అనుకుందాం. నీళ్ల ట్యాంకు 100 లీటర్లదైతే నిండుగా 100 కిలోలు. మిగిలింది 95. అందులోంచే ఆనింగ్ (బండి పక్కన వేసుకునే పందిరి), సైకిళ్లు, రెండో బ్యాటరీ, కుర్చీలు, దుప్పట్లు పోవాలి. ఆ పైన మీ ఇంటి సోనామసూరి సంచి, మిక్సీ, ఆవకాయ జాడీ. నీళ్ల బరువు ముందే కలిపారా లేదా, కలిపితే ఎన్ని లీటర్లు అని కచ్చితంగా అడుగు, ఒక్కొక్క కంపెనీ ఒక్కోలా లెక్క కడుతుంది. తర్వాత బ్రోషర్ని నమ్మకు. ఆనింగ్, సోలార్ ప్యానెల్ లాంటివి బిగించాక ఆ అంకె మిగలదు. కొన్నాక సామాను సర్దుకుని, అందరూ ఎక్కి, వేబ్రిడ్జికి తీసుకెళ్లి తూకం వేయించు. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అన్నది విడివిడిగా చూడు. మొత్తం సరిపోయినా వెనక ఇరుసు మీద ఎక్కువ పడే బళ్లు చాలా ఉంటాయి, సైకిళ్లు కూడా వెనకే కడతాం కదా.

పడకలెన్ని అని కాదు, సీటు బెల్టులెన్ని అని అడుగు. నలుగురు పడుకునే బండిలో బెల్టులు రెండే ఉండొచ్చు. కారవాన్‌లో ఈ ప్రశ్నే రాదు, పిల్లలు కారులో కూర్చుంటారు కాబట్టి. పక్కకి తిరిగి ఉన్న సోఫా మీద పిల్లల్ని కూర్చోబెట్టి బండి నడుపుదామని మాత్రం అనుకోకు.

షోరూమ్‌కి గానీ బర్మింగ్‌హామ్ ఎన్‌ఈసీలో ఫిబ్రవరి, అక్టోబర్ నెలల్లో జరిగే మోటర్‌హోమ్ షోకి గానీ వెళ్లినప్పుడు సేల్స్ మనిషిని కాసేపు బయట ఉండమను. నలుగురూ లోపలికెళ్లి తలుపు వేసుకోండి. బూట్లు విప్పి మంచం మీద నిజంగా పడుకో, కాళ్లు చాపు. గోడ వైపు పడుకున్నవాళ్లు రాత్రి లేవాలంటే రెండోవాళ్లని దాటి రావాలా? ఒకరు వంట చేస్తుంటే ఇంకొకరు బాత్రూమ్‌కి పోగలరా? టాయిలెట్ మీద కూర్చుని తలుపు మూసి చూడు, మోకాళ్లు తగులుతాయేమో. సోఫాని మంచంగా మార్చడం పిల్లలతో చేయించు, రోజూ చేయాల్సింది వాళ్లే. అవన్నీ చేస్తూ ఒక అరగంట లోపలే ఉండండి. బయట వాన పడుతున్న రోజైతే ఇంకా మంచిది, స్కాట్‌లాండ్‌లో మీకు రోజూ అదే.

వెళ్లేటప్పుడు మరదల్ని కుక్కర్, పెద్ద మూకుడు పట్టుకు రమ్మను. నవ్వకు. ఇక్కడి పొయ్యిలు సాస్‌పాన్‌కి తయారుచేసినవి. కుక్కర్ ఒక బర్నర్ మీద పెడితే పక్క బర్నర్ మీద మూకుడు పట్టదు. పైనున్న అర కిందికి ఉంటే కుక్కర్ విజిల్ ఆవిరి నేరుగా దానికే తగులుతుంది. పైకప్పు కిటికీ పొయ్యికి దగ్గర్లో ఉందా చూడు. పక్కనే గుడ్డ అతికించిన గోడ, కర్టెన్ ఉంటే తాలింపు వాసన, చేపల వేపుడు వాసన ఏడాదంతా మీతోనే తిరుగుతాయి. మేమైతే వేపుళ్లు బయట చిన్న గ్యాస్ స్టవ్ మీదే చేస్తాం.

పాత బండి కొంటే తేమ సంగతి నీకు చెప్పక్కర్లేదు, కారవాన్‌లో చూసినట్టే కిటికీల కింద, మూలల్లో, పైకప్పు కిటికీ చుట్టూ మీటర్ పెట్టి చూడు. నేల మీద నడిస్తే మెత్తగా ఊగుతోందేమో నీ కాలికే తెలుస్తుంది. నీకు కొత్తగా చూడాల్సింది బండి భాగం. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే ఎంఓటీ, అంటే బండికి ఏటా చేసే పరీక్ష, దాని చరిత్ర ఉచితంగా వస్తుంది. ఏ ఏడు ఎన్ని మైళ్లు తిరిగింది, ఏ లోపం చూపించారు, అన్నీ ఉంటాయి. మైళ్లు మరీ తక్కువున్నాయని మురిసిపోకు. ఇంజిన్‌లోని టైమింగ్ బెల్టుకి మైళ్లే కాదు, ఏళ్లు కూడా లెక్కే, మార్చిన బిల్లు చూపించమను. టైర్లలో గాడులు కొత్తగా కనిపించినా వయసు చూడు. పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఎండలో, వానలో ఒకేచోట నిలబడిన బండికి టైరు అరగదు, పగుళ్లిస్తుంది. నువ్వు హారోలో ఉంటావు కాబట్టి ఇంకోటి. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నీ యులెజ్ కిందకి, అంటే పొగ ఎక్కువ వదిలే బళ్లకి రుసుము వేసే ప్రాంతం కిందకి, వచ్చాయి. యూరో 6 పొగ ప్రమాణానికి తూగని డీజిల్ బండి తీస్తే, బయటికి తీసిన ప్రతి రోజూ 12.50 పౌండ్లు.

నడపడం నీకు కష్టం కాదు. కారవాన్‌ని రివర్స్ చేసినవాడికి ఇది సులువే. రెండు విషయాలే అలవాటు కావాలి. వెనక చక్రాల తర్వాత బండి చాలా పొడుగుంటుంది. పెట్రోల్ బంకులో కుడికి గట్టిగా తిప్పితే తోక ఎడమకి పోయి పంపుకి తగులుతుంది. రెండోది ఎత్తు. కార్ పార్కుల ముందు 2.1 మీటర్ల అడ్డకమ్మీలు ఉంటాయి, నీ బండి వాటి కింద పట్టదు. నీ బండి ఎత్తు అడుగుల్లో, మీటర్లలో కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకో. మరదలు కూడా నడిపేట్టు అయితేనే కొనండి. అలసిపోయినా నువ్వొక్కడివే స్టీరింగ్ పట్టుకోవాలంటే సెలవు సెలవులా ఉండదు.

తడి గడ్డి మీద జాగ్రత్త. ఈ బళ్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో లాగేవే, బరువేమో వెనక. ముక్కు బయటికి వెళ్లే దారి వైపు పెట్టి ఆపు. చక్రం జారిందంటే యాక్సిలరేటర్ తొక్కకు, తొక్కినకొద్దీ దిగబడుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించాల్సింది ఇది. కారవాన్‌ని సైట్‌లో వదిలి కారేసుకుని ఊళ్లోకి పోవడం నీకు అలవాటు. ఇప్పుడు పాలు అయిపోయినా ఇల్లంతా సర్దుకుని కదలాలి. గ్లాసులు లోపల పెట్టాలి, కరెంటు తీగ పీకాలి, గ్యాసు కట్టేయాలి. అందుకని సైట్లు ఎంచుకునే పద్ధతే మార్చుకో. యార్క్‌లో రౌన్‌ట్రీ పార్క్ క్లబ్ సైట్ నుంచి ఊళ్లోకి నడిచి పోవచ్చు. కెజిక్‌లో డెర్వెంట్‌వాటర్ చెరువు పక్కన సైట్ ఉంది, బజారు అక్కడికి దగ్గరే. మ్యాప్‌లో బస్ స్టాప్ ఎక్కడుందో చూసి బుక్ చెయ్యి. ఒకేచోట పది రోజులుండి చుట్టుపక్కల కారులో తిరగడమే మీకు ఇష్టమైతే, నిజం చెబుతున్నాను, కారవానే మీకు మంచిది. రెండు రాత్రులకోసారి మకాం మార్చాలనిపిస్తే మోటర్‌హోమ్. ఏది ఇష్టమో తెలియకపోతే నవంబర్‌లో ఒక వారాంతం ఇదే లేఅవుట్ ఉన్న బండి అద్దెకి తీసుకోండి. ఎండాకాలంలో ఏ బండైనా బాగానే ఉంటుంది.

ఫ్రాన్స్ వెళ్తే మాత్రం మోటర్‌హోమ్‌లకని ఊరూరా రాత్రి ఆగే చోట్లు ఉంటాయి, ఎయిర్ అంటారు, నీకు భలే నచ్చుతాయి. స్కాట్‌లాండ్‌లో ఎక్కడపడితే అక్కడ ఉండొచ్చని ఎవరైనా చెబితే వినకు. అక్కడి 2003 చట్టం ఇచ్చిన హక్కు నడిచేవాళ్లకి, గుడారం వేసుకునేవాళ్లకి, మోటారు బళ్లకి కాదు.

కారవాన్ ఇచ్చేసి కొత్తది తీసుకోమని డీలర్ అంటాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టుంటుంది ఆ బేరం. ముందు సొంతంగా అమ్మి చూడు. మూవర్, అదే కారు లేకుండా కారవాన్‌ని కదిపే మోటారు, బిగించి ఉందని ప్రకటనలో పైనే రాయి, కొనేవాళ్లు మొదట చూసేది దాన్నే.

కొన్నాక టివిడేల్ బాలాజీ గుడికి పూజకి తెస్తారుగా, అక్కడినుంచి మా లెస్టర్‌కి రండి. మా వీధిలో నిలపడానికి చోటుంది, ఎదురింటాయనకి ముందే చెప్పి ఉంచుతాను. డీలర్ ఇచ్చిన బరువుల కాగితం ఈలోగా ఫోటో తీసి పంపు, సంతకం పెట్టకముందే. మీ బావ లెక్క చూస్తానంటున్నారు.

ప్రేమతో,
అక్క