ట్రక్కుకు బగ్ డిఫ్లెక్టర్ పెట్టించండి, లోన్‌లో కలిపి మాత్రం వద్దు

ప్రశ్న: మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటున్నాం. 2021 ఫోర్డ్ ఎఫ్-150 సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటున్నాను. శనివారం డెలివరీ, ఇంకా సంతకాలు కాలేదు. ఆఫీసు పని మీద నెలకు రెండుసార్లు లూసియానాలోని బాటన్ రూజ్ వెళ్లి రావాలి. దారిలో పురుగులు, రాళ్ల దెబ్బలు తప్పవని, హుడ్ (ఇంజన్ మూత) మీద బగ్ డిఫ్లెక్టర్, అంటే ముందు అంచున ఎదురుగాలిని పైకి మళ్లించే ప్లాస్టిక్ పట్టీ, పెట్టించుకోమని, పెయింట్ ప్రొటెక్షన్ ప్యాకేజీ కూడా తీసుకోమని డీలర్ చెబుతున్నాడు. డిఫ్లెక్టర్‌కు 400 డాలర్లు, ప్యాకేజీకి 1,200. ‘లోన్‌లో కలిపేస్తాను, నెలకు 28 డాలర్లే పెరుగుతుంది’ అన్నాడు. ఇవి కాకుండా లోన్ 32,000 డాలర్లు, 72 నెలలు, వడ్డీ 8 శాతం. మా ఆవిడ ఇదంతా దండగ అంటోంది. మీరేమంటారు?

జవాబు: డిఫ్లెక్టర్ పెట్టించుకోండి. మీరు తిరిగే దారికి అది పనికొచ్చే వస్తువే. కానీ డీలర్ దగ్గర కొనకండి, లోన్‌లో అస్సలు కలపనివ్వకండి. పెయింట్ ప్యాకేజీ విషయంలో మాత్రం పూర్తిగా మీ ఆవిడ మాటే వినండి.

ముందు ఆ 28 డాలర్ల సంగతి చూద్దాం. 1,600 డాలర్లను 8 శాతం వడ్డీకి 72 నెలలు సాగదీస్తే మీరు కట్టేది సుమారు 2,020. అంటే 420 డాలర్లు వట్టి వడ్డీకే పోతాయి. ట్రక్కు షోరూమ్ గేటు దాటగానే ఈ రెండింటికీ అమ్మకపు విలువ దాదాపు ఉండదు, అప్పు మాత్రం ఆరేళ్లు ఉంటుంది. రేపు ట్రక్కుకు ఏదైనా జరిగి బీమా కంపెనీ ‘టోటల్ లాస్’ (ఇక బాగు చేయించడం దండగ) అంటే, ట్రక్కు మార్కెట్ విలువకు, మీరు బాకీ ఉన్న మొత్తానికి మధ్య తేడా ఆ మేరకు పెరిగి ఉంటుంది. ఆ తేడా మీ జేబులోంచే వెళ్లాలి.

అదే 28 డాలర్లు ఈ రెండింటికీ కాకుండా ప్రతి నెలా అసలు లోన్‌కే అదనంగా కడితే? లోన్ నాలుగు నెలలు ముందుగా తీరిపోతుంది, వడ్డీలో 500 డాలర్లకు పైగా మిగులుతుంది. అదనంగా కట్టేది ప్రిన్సిపల్‌లోకే వెయ్యమని మాత్రం బ్యాంకుకు స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే కొన్నిచోట్ల వచ్చే నెల వాయిదా కింద జమ వేసుకుంటారు.

ఇక అసలు వస్తువు. మీ ట్రక్కు మోడల్‌కు సరిపోయే డిఫ్లెక్టర్ ఆన్‌లైన్‌లోనో ఆటో పార్ట్స్ షాపులోనో 60 నుంచి 120 డాలర్లలో దొరుకుతుంది. బిగించడానికి మెకానిక్ అక్కర్లేదు. కొన్ని హుడ్ అంచుకు లోపలి నుంచి క్లిప్పులు, స్క్రూలతో పట్టుకుంటాయి, కొన్ని డబుల్ టేప్‌తో అతుకుతాయి. అరగంట పని. దీనికి 400 అడగడం అన్యాయం.

అది చేసే పనేమిటో, చెయ్యనిదేమిటో తెలిసి కొనడం ముఖ్యం. హుడ్ ముందు అంచున నిలబడి ఎదురుగాలిని పైకి మళ్లించడం దాని పని. హైవే వేగంలో ఆ గాలితో పాటు తేలికపాటి పురుగులు కొన్ని అద్దం మీదుగా వెళ్లిపోతాయి. అన్నీ పోవు. ఊళ్లో నిదానంగా తిరిగేటప్పుడు దాని ప్రభావం పెద్దగా ఉండదు. రాయి బరువైనది కాబట్టి గాలి దాన్ని తిప్పలేదు. లారీ టైరు కింద నుంచి ఎగిరొచ్చి నేరుగా అద్దానికి తగిలే రాయిని ఏ డిఫ్లెక్టరూ ఆపదు. కానీ హుడ్ అంచుకు తగలాల్సిన రాయి ముందు ఆ ప్లాస్టిక్‌కు తగులుతుంది. నా దృష్టిలో దాని అసలు లాభం ఇదే. పేరులో పురుగు ఉన్నా, డబ్బు మిగిలేది రాళ్ల దగ్గరే. ఎఫ్-150 బాడీ 2015 నుంచి అల్యూమినియం. ఇనుములా తుప్పు పట్టదు గానీ, పెయింట్ పెచ్చు లేచిన చోటును అలాగే వదిలేస్తే చుట్టూ పొంగడం మొదలవుతుంది. హుడ్ మళ్లీ పెయింట్ చేయించాలంటే బాడీ షాపులో ఖర్చు వందల డాలర్లలోనే మొదలవుతుంది. దానితో పోలిస్తే 80 డాలర్ల ప్లాస్టిక్ ముక్క మంచి బేరం.

మీకు పెట్టించుకోమనడానికి ఇంకో కారణం మీ రూటు. కేటీ నుంచి బాటన్ రూజ్ దాదాపు 300 మైళ్లు, ఐ-10 హైవే మీద లారీల మధ్యే ప్రయాణం. లఫయెట్ దాటాక అచాఫలాయా చిత్తడి మీద 18 మైళ్ల వంతెన ఉంటుంది. రెండు పక్కలా నీళ్లు, చెట్లు. సాయంత్రం పూట ఆ వంతెన దాటి పెట్రోలు బంకులో ఆగితే ట్రక్కు ముందు భాగం ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది. గల్ఫ్ తీరంలో ఏప్రిల్ చివరి నుంచి మే వరకు ఒకసారి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మరోసారి లవ్‌బగ్స్ అనే చిన్న నల్ల పురుగులు గుంపులుగా ఎగురుతాయి. వేడెక్కిన రోడ్డు, వాహనాల పొగ వాటిని రప్పిస్తాయి. చితికిన పురుగు ఎండలో ఒకటి రెండు రోజులు అలాగే ఉంటే, అందులోని ద్రవం ఆమ్లంగా మారి పెయింట్ మీద మరకలు పడతాయి.

దీనికి విరుగుడు మాత్రం డీలర్ దగ్గర లేదు, మీ ఇంటి ముందున్న నీళ్ల పైపులో ఉంది. ఊరి నుంచి రాగానే, ఎంత అలసటగా ఉన్నా, తడి బట్ట పరిచి పది నిమిషాలు నాననిచ్చి మెత్తగా తుడిచేయండి. సీజన్‌కు ముందు మంచి వ్యాక్స్ వేస్తే ఇంకా తేలిగ్గా వదులుతాయి. డీలర్లు 1,200 డాలర్లకు అమ్మే ప్యాకేజీల్లో ఎక్కువ భాగం పైన పూసే సీలెంట్, దానికి జత చేసిన వారంటీ కాగితం. ఆ వారంటీలో పురుగుల మరకలకు ఎన్ని గంటల్లోగా కడగాలన్న షరతు ఉందో, రాళ్ల పెచ్చులకు వర్తిస్తుందో లేదో చదవండి. హుడ్ ముందు భాగాన్ని నిజంగా కాపాడాలనుకుంటే, మీకు నచ్చిన షాపులో ఆ మేరకే పారదర్శక ఫిల్మ్ వేయించుకోవచ్చు. దానికి కొన్ని వందల డాలర్లు అవుతుంది. మూడు నాలుగేళ్లలో అమ్మే ట్రక్కుకు నేనైతే అదీ వేయించను.

డిఫ్లెక్టర్ కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఎత్తుగా లేచి ఉండే రకం కంటే హుడ్‌కు అంటుకున్నట్టు ఉండే రకం గాలి చప్పుడు తక్కువ చేస్తుంది, కానీ గాలిని మళ్లించడమూ తక్కువే. మీ పని ప్రధానంగా అంచును కాపాడటమే కాబట్టి ఈ రెండోది చాలు. ఏ రకమైనా దాని కింద ఇసుక, మట్టి చేరి, ఊగినప్పుడల్లా పెయింట్‌ను గీకుతుంది. కాపాడాల్సిన వస్తువే గీతలు పెట్టకుండా, కడిగిన ప్రతిసారీ కింద నుంచి నీళ్లు కొట్టండి.

అద్దం సంగతి బీమా పాలసీలో చూసుకోవాలి. అద్దం పగిలితే వర్తించేది కాంప్రిహెన్సివ్ కవరేజి, అంటే ఢీకొనడం కాకుండా జరిగే ఇతర నష్టాలకు ఇచ్చే బీమా. రాయి తగిలిన చిన్న దెబ్బను రిపేరు చేయిస్తే చాలా కంపెనీలు డిడక్టిబుల్ (ఖర్చులో ముందు మీరు పెట్టుకోవాల్సిన వాటా) వసూలు చెయ్యవు, అద్దం మొత్తం మార్చాలంటే వసూలు చేస్తాయి. ఫ్లోరిడాలో కాంప్రిహెన్సివ్ ఉన్నవారికి ముందు అద్దానికి డిడక్టిబుల్ లేకుండా చట్టం ఉంది. టెక్సస్‌లో అలాంటిది లేదు. మీ ట్రక్కులో అద్దం వెనక కెమెరా ఉంటే, అద్దం మార్చాక దాన్ని మళ్లీ కాలిబ్రేట్ చెయ్యాలి (సరిగ్గా చూసేలా సర్దాలి), బిల్లు బాగా పెరుగుతుంది. డిడక్టిబుల్ 1,000 డాలర్లు పెట్టుకుని ఉంటే, గ్లాస్ కవరేజి విడిగా ఎంతకు ఇస్తారో ఏజెంటును అడగండి.

మీరు అడగలేదు గానీ, ఆఫీసు పని మీద వెళ్తున్నానన్నారు కాబట్టి చెబుతున్నాను. కంపెనీ మీకు మైలేజీ, అంటే తిరిగిన మైళ్లకు డబ్బు, ఇస్తోందా? 2025లో ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) రేటు మైలుకు 70 సెంట్లు ఉండేది. నెలకు 1,200 మైళ్లకు అది 840 డాలర్లు. పెట్రోలు, బీమా, ట్రక్కు అరుగుదల అన్నీ కలిపి వేసిన రేటది. డిఫ్లెక్టర్ ఖర్చు, టచ్-అప్ పెయింట్ ఖర్చు అందులోంచే రావాలి. కంపెనీ ఇవ్వకపోతే టాక్స్ రిటర్న్‌లో చూపించుకుందామంటే, జీతం మీద పనిచేసే ఉద్యోగికి ఫెడరల్ టాక్స్‌లో ఆ వెసులుబాటు లేదు. అందుకే మేనేజర్‌ను అడగడమే దారి. మొహమాటపడకండి.

శనివారం కాగితాలు ముందు పెట్టినప్పుడు నెలవారీ అంకె చూడకండి, మొత్తం ధర విడివిడిగా రాసిన కాగితం అడగండి. డిఫ్లెక్టర్, పెయింట్ ప్యాకేజీ పేర్లు ఎక్కడ కనిపించినా కొట్టేయించి, కొత్త ప్రింటు తీసుకున్నాకే సంతకం చెయ్యండి. మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చని కొందరు అనుకుంటారు. డీలర్ షోరూమ్‌లో కొన్న వాహనానికి ఆ ఫెడరల్ నియమం వర్తించదు.

ఇంకో మాట, ఇది డిఫ్లెక్టర్ కంటే పెద్దది. ఆ 8 శాతం బ్యాంకు ఇచ్చిన రేటేనా, డీలర్ తన వాటా కలిపిన రేటా? కలుపుకోవడం మామూలే. 7 శాతానికి దొరికితే మీ 32,000 మీద 1,100 డాలర్లకు పైగా మిగులుతుంది. శుక్రవారంలోగా ఏదైనా క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకులో) ప్రీ-అప్రూవల్, అంటే లోన్‌కు ముందస్తు ఆమోదం, తీసుకుని, ఆ కాగితంతో వెళ్లండి. డీలర్ అంతకంటే తక్కువ ఇస్తే అక్కడే లోన్ తీసుకోండి, లేదంటే క్రెడిట్ యూనియన్‌లోనే.