బ్లిస్సా, ఎంకోరా: శ్రీవల్లికి పెద్దమామయ్య ఉత్తరం

సత్యనారాయణపురం,
విజయవాడ.

చి. ల. సౌ. శ్రీవల్లికి పెద్దమామయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

మొన్న ఆదివారం మీ అమ్మ బ్రాడీపేట నుంచి ఫోను చేసింది. నాన్న షష్టిపూర్తి కాగానే ఇద్దరినీ నువ్వు అమెరికా రప్పించుకుంటున్నావనీ, సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడలో ఏడు రాత్రులు తిప్పబోతున్నావనీ, అదీ మామూలు గదిలో కాక సూట్‌లోననీ, నార్వీజియన్ అనే ఓడల సంస్థ వారి బ్లిస్ ఎక్కాలా, ఎంకోర్ ఎక్కాలా అన్నది తేలక ఆగావనీ ఒక్క గుక్కలో చెప్పింది. ఫోను పెట్టేశాక చాలాసేపు వరండాలోనే కూర్చుండిపోయాను. భవానీ ద్వీపానికి వెళ్దామని లాంచీ ఎక్కించబోతే రేవు మెట్ల మీద నా పంచె పట్టుకొని ఏడ్చిన పిల్లవి, ఇప్పుడు అమ్మానాన్నలను పసిఫిక్ మహాసముద్రం మీదికి తీసుకువెళ్తున్నావు. మీ అత్తయ్య ఉంటే ఈ కబురు వీధిలో నాలుగిళ్ళకైనా చెప్పి వచ్చేది.

అయితే మీ అమ్మ చివరలో ఒక మాట అన్నది. "రెండూ అక్కచెల్లెలు ఓడలట అన్నయ్యా, ఏది ఎక్కినా ఒకటేనట." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. ఈ ఉత్తరం ఆ మాట కోసమే రాస్తున్నాను.

రెండూ జర్మనీలో పాపెన్‌బర్గ్ అనే ఊళ్ళో ఒకే కార్ఖానాలో తయారైనవే. బ్లిస్ 2018లోనూ, ఎంకోర్ 2019లోనూ వచ్చాయి. రెండింటి పొడవూ సుమారు 333 మీటర్లు, అంటే మన ప్రకాశం బ్యారేజీలో నాలుగో వంతు కన్నా కొంచెం ఎక్కువ. రెండింటిలోనూ గదికి ఇద్దరి లెక్కన ఇంచుమించు నాలుగు వేల మంది పడతారు. కాగితం మీద చూస్తే తేడా కనపడదు. కానీ ఎంకోర్ పై అంతస్తులోని కార్ల పందెపు బాట ఓడ అంచు దాటి 13 అడుగులు సముద్రం మీదికి పొడుచుకు వస్తుంది, బ్లిస్‌లో అలా లేదు. కొట్టొచ్చినట్టు కనిపించే చోటే అంత మార్పు చేసినవాళ్ళు కనపడని చోట ఎన్ని మార్చి ఉంటారో ఆలోచించు. ఒక తల్లి కడుపున పుట్టినా మీ అమ్మకూ నాకూ ఏ పోలికా లేదని మీ తాతయ్యే అనేవారు.

ఇక నా సంగతి. మీ రవి బావ ఫ్లోరిడాలో ఉన్నప్పుడు, రెండేళ్ళ తేడాతో మమ్మల్ని రెండుసార్లు ఓడ ఎక్కించాడు. అవీ జంట ఓడలే. వాటి పేర్లూ, ఆ సంస్థ పేరూ ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు నాది. మొదటి ఓడలో మా సూట్ నడిమి భాగంలో ఉండేది. పైనా కిందా గదులే కావడంతో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా ఉండేది. స్నానాల గదిలో తొట్టె లేదు, గడప కూడా లేదు. అద్దాల తలుపు తీసి నేరుగా నడిచి వెళ్ళడమే, పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉండేది. మీ అత్తయ్య తెల్లవారుజామున స్నానం చేసి, బాల్కనీలో కూర్చొని విష్ణు సహస్రనామం చదువుకొని, కాఫీ తాగేది. ఆ వారం రోజులు ఆమె మోకాలి నొప్పి మాట ఎత్తలేదు. దిగేటప్పుడు ఆ గది నంబరు నా జేబు డైరీలో రాసుకున్నాను.

రెండోసారి టిక్కెట్లు కొనేటప్పుడు రవి, "నాన్నా, ఈ ఓడ ప్లాను ఒకసారి చూద్దామా?" అని అడిగాడు. నేను డైరీ తీసి, "జంట ఓడకు మళ్ళీ ప్లాను ఎందుకురా, ఇదే నంబరు ఇమ్మను" అన్నాను. ముప్పై అయిదేళ్ళు కాగితాలు చూసి సంతకాలు పెట్టిన ఉద్యోగం చేసినవాణ్ణి, ఆ ఒక్క కాగితం చూడలేదు. అదే నంబరు, అదే అంతస్తు, అదే వైపు దొరికింది. తలుపు తీయగానే మంచమూ, నిలువుటద్దమూ, బల్ల మీద పళ్ళ బుట్టా చూసి, ఫొటోలు తీసి మీ నాన్నకు పంపాను. ఆయన గుంటూరులో పదిమందికి చూపించాడట కూడా. స్నానాల గదిలోకి నేను సరిగ్గా తొంగి చూడలేదు.

ఆ ఓడలో మా గది మీద ఫలహారశాల ఉంది. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి నెత్తి మీద కుర్చీలు ఈడ్చేవారు, రాత్రి పొద్దుపోయాక నేల కడిగేవారు. నాకు నిద్ర మొద్దు కనుక రెండు రోజులు తెలియలేదు. నాలుగో రోజు ఉదయం స్నానాల గదిలోకి వెళ్తే, ఐసు ముక్కలు పెట్టుకొనే చిన్న స్టీలు బకెట్ సింకు పక్కన బోర్లించి ఉంది. దాని అంచున మైసూరు శాండల్ సబ్బు నురగ ఇంకా ఆరలేదు. తువ్వాళ్ళు మూడూ తడిసి, పిండి, మడతపెట్టి ఉన్నాయి. తొట్టె మాత్రం పొడిగా ఉంది. అప్పుడు అర్థమైంది. ఆ తొట్టె అంచు దాటడానికి ఆమెకు కాలు లేవలేదు. మూడు రోజులుగా కమోడు మూత మీద కూర్చొని, ఐసు బకెట్‌తో ఒంటి మీద నీళ్ళు పోసుకొని, నేలంతా తువ్వాళ్ళతో తుడిచి, నేను లేచేసరికి ఏమీ ఎరగనట్టు బాల్కనీలో కూర్చుంటోంది. అడిగితే, "పిల్లాడు ఎంత పోసి కొన్నాడో, వాడితో అనకండి" అన్నది. ఓడ నిండిపోయి ఉంది, మార్చడానికి మరో గది లేదు. తొట్టెలో వేసుకోవడానికి ఒక పీట తెచ్చి ఇచ్చారు గానీ, అంచు దాటితే కదా పీట. ముందే ఒక మాట చెప్పి ఉంటే నడవలేనివారికి కట్టిన గది ఇచ్చేవాళ్ళమని వాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఆ మర్యాదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. తిరిగి వచ్చాక, హైదరాబాదు నుంచి రైల్లో వస్తూ, ఖమ్మం దాటాక, నేను అడగకుండానే, "18 అంగుళాలండీ, టేపు పెట్టి కొలిచాను" అన్నది. కుట్టుపని సంచి లేకుండా ఆమె ఊరు కదిలేది కాదని నీకు తెలుసు.

కాబట్టి శ్రీవల్లీ, ముందుగా స్నానాల గది. నువ్వు అనుకున్న సూట్‌లో ఉన్నది తొట్టెనా, నడిచి వెళ్ళే షవరా, గడప ఎంత ఎత్తు, కడ్డీ ఉందా అన్నది బ్లిస్‌కు ఒకసారి, ఎంకోర్‌కు ఒకసారి వేరువేరుగా అడిగి, జవాబు రాతలో తెప్పించుకో. మీ అమ్మను అడిగితే, "నాకేమమ్మా, ఎలా ఉన్నా సర్దుకుంటాను" అంటుంది. ఆ జవాబును లెక్కలోకి తీసుకోకు. మా ఇంటి ఆడవాళ్ళందరిదీ అదే జవాబు. ఆ తరువాత రెండు ఓడల డెక్ ప్లాన్లూ పక్కపక్కన పెట్టుకొని, నీ గదికి సరిగ్గా పైన ఏముంది, కింద ఏముంది, పక్క గదికి మధ్యలో తలుపు ఉందా అని చూడు. పైనా కిందా గదులే ఉంటే మంచిది. ఈత కొలను, వంటశాల, పాటల హాలు ఉంటే, ఎంత అందమైన సూట్ అయినా వదిలెయ్యి.

సూట్ అన్న మాటను చూసి కూడా మోసపోకు. ఈ సంస్థలో క్లబ్ బాల్కనీ సూట్ అని ఒకటి ఉంది. అది పూర్వం మినీ సూట్ అని పిలిచిన కొంచెం పెద్ద గదే తప్ప, నువ్వు అనుకుంటున్నది కాదు. అసలైన సూట్లు హేవెన్ అనే వర్గంలో ఉంటాయి. దానికి ప్రత్యేకమైన ఆవరణ, వేరే భోజనశాల, వేరే కొలను, బట్లరు ఉంటాయి, తాళం కార్డు ఉన్నవాళ్ళకే లోపలికి ప్రవేశం. (బట్లరు వస్తే మీ అమ్మ అతనికే కాఫీ కలిపి ఇస్తుంది, అది వేరే సంగతి.) హేవెన్ అని అమ్మే గదులలో కొన్ని ఆ ఆవరణ లోపల కాక ఓడ వెనుక కొసన ఉంటాయి. సౌకర్యాలన్నీ వాటికీ వర్తిస్తాయి, వెనుక నీటి చార కనిపించే దృశ్యమూ బాగుంటుంది, కానీ ప్రతి భోజనానికీ ఓడ ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. మీ నాన్నకు అది వ్యాయామం, మీ అమ్మకు శిక్ష.

అలాగని ఆవరణ లోపలి గదులకు లోపం లేదనుకోకు. అవి పై అంతస్తుల్లో, ముందు వైపు ఉంటాయి. ఓడ అలల మీద తల ఎత్తి దించుతున్నప్పుడు నడిమి భాగం తక్కువ కదులుతుంది, కొసలూ పై అంతస్తులూ ఎక్కువ ఊగుతాయి. సియాటిల్ నుంచి బయలుదేరిన ఓడలు సాధారణంగా వాంకూవర్ దీవికి పడమటగా, అడ్డులేని విశాల సముద్రం మీదుగా వెళ్తాయి కనుక, మొదటి రోజూ ఆఖరి రోజూ ఊపు తెలుస్తుంది. శ్రీశైలం వెళ్ళేటప్పుడు దోర్నాల దాటగానే మీ అమ్మ కిటికీలోంచి తల బయట పెట్టడం నువ్వు మరిచిపోయి ఉండవు. అందుచేత ఆవరణలోనే ఓడ ముక్కుకు వీలైనంత దూరంగా, కింది అంతస్తులో ఉన్న గది అడుగు, వాంతుల మాత్రలు డాక్టరును అడిగి వెంట ఉంచు. నన్ను అడిగితే నీ వరస తిరగబడి ఉంది. ముందు దారి చూడాలి, తరువాత గది, ఆఖరున ఓడ పేరు. అలాస్కాలో మంచు నదులు ఉన్న గ్లేసియర్ బే జాతీయ ఉద్యానంలోకి రోజుకు రెండు పెద్ద ఓడలనే రానిస్తారు. ఏ తేదీ ప్రయాణంలో అది ఉంటే ఆ తేదీ తీసుకో. మంచు కొండ చూడడానికి వెళ్ళి సూట్ చూసి రావడం ఎందుకు?

కెనడా వీసా సంగతి నీకు తట్టిందో లేదో. బ్లిస్, ఎంకోర్ రెండింటికీ బహామాస్ జెండా ఉంటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళను వేరే దేశపు రేవు తాకకుండా తిప్పి తేకూడదని 1886 నాటి చట్టం ఉన్నది. అందుకే సియాటిల్ ఓడలు చాలావరకు కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతాయి. భారత పాస్‌పోర్టు ఉన్న మీ అమ్మానాన్నలకు అమెరికా వీసా ఒక్కటే చాలదు, కెనడా వీసా కూడా కావాలి. ఓడ దిగకుండా గదిలోనే ఉంటామంటే సరిపోతుందని అనుకోకు, అసలు సియాటిల్‌లోనే ఎక్కనివ్వకపోవచ్చు. వాళ్ళు గుంటూరులో ఉండగానే దరఖాస్తు పెట్టించు, అమెరికా వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లుతుందో లేదో చూసుకో. ఎంత గొప్ప సూట్ కొన్నా రేవులో ఆపితే ఆ డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వరు.

మిగిలినవి నీకు తెలిసినవే. ఓడకు ముందు రోజే సియాటిల్‌లో ఉండండి. మందులూ పాస్‌పోర్టులూ చేతి సంచిలో పెట్టండి, పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. వైద్య ఖర్చులకు బీమా తీసుకో. రోజువారీ టిప్పు సూట్లకు ఎక్కువ పడుతుంది, ముందే లెక్కలో వేసుకో. చలి బట్టలతో పాటు వాన కోట్లు కొను. మీ అమ్మ పెట్టెను మాత్రం నువ్వే స్వయంగా వెతకాలి. అందులో కరెంటు రైస్ కుక్కరు తప్పకుండా ఉంటుంది. ఓడలో అలాంటివి ఒప్పుకోరు, తీసి పక్కన పెట్టేస్తారు. ఇంట్లో పెట్టిన గోంగూర కూడా కుదరదు, దుకాణంలో సీలు వేసినది అయితే తెచ్చుకోవచ్చు.

ఇంకొకటి ఉన్నది, దీనికి నువ్వు నవ్వుతావని తెలుసు. ఓడ కదలకముందు మస్టర్ డ్రిల్ అని ఒకటి పెడతారు, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపిస్తారు. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాతికి కొట్టుకొని ఒరిగిపోయి 32 మంది పోయాక, ప్రయాణికులు ఎక్కగానే, ఓడ బయలుదేరే ముందో బయలుదేరిన వెంటనేనో ఇది జరిగి తీరాలని నియమం బిగించారు. సూట్‌లోకి వెళ్ళగానే పళ్ళ బుట్ట ముందు కూర్చొని దీనిని ఒక తంతుగా తీసిపారేయకు. 2017 నవంబరులో మన ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమంలో, కార్తీక మాసపు ఆదివారం సాయంత్రం పడవ తిరగబడి 20 మందికి పైగా పోయిన రాత్రి నేను ఆ గట్టు మీదికి వెళ్ళాను. అది చిన్న పడవ, ఇది ఊరంత ఓడ, రెండింటికీ పోలిక లేదని నాకూ తెలుసు. అయినా అమ్మానాన్నలు ఇద్దరికీ జాకెట్ నీ చేతులతో తొడిగి, కట్లు బిగించి, మీ చోటు దాకా ఒకసారి నడిపించి చూపించు. ఆ ఫొటో నాకు పంపు. పళ్ళ బుట్ట ఫొటో మీ నాన్న ఎలాగూ పంపుతాడు.

డెక్ ప్లాన్లు రెండూ దొరకగానే పెద్ద కాగితం మీద అచ్చు తీయించి గుంటూరుకు పంపిస్తే, నేను రైల్లో వెళ్ళి మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెడతాను. స్నానాల గది గడప ఎత్తు అంగుళాల్లో రాయి. మీ అత్తయ్య టేపు కుట్టుమిషను సొరుగులోనే ఉంది, ఆ ఎత్తున పీట వేసి మీ అమ్మ చేత దాటించి చూసి, నీకు ఆ రాత్రే ఫోను చేస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమామయ్య